పాత చెక్కసామాను అమ్మేముందు



దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా, అటు సరూర్‌నగర్, ఇటు చైతన్యపురి, కొత్తపేట, నాగోలు వీధుల్లో ఒక్కసారి నడిచి చూడండి. వీధికొక పాత ఇల్లు పడగొడుతూ ఉంటారు. రెండువందల గజాల స్థలం, ముందు ఒక వేపచెట్టు, మేడమీదికి బయటినుంచి మెట్లు ఉన్న ఇల్లు పోయి, అయిదంతస్తుల అపార్టుమెంటు లేస్తుంది. ఇల్లు బిల్డరు చేతికి ఇచ్చేముందు గేటు దగ్గర ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగుతుంది. పాత మంచాలు, బల్లలు, కుర్చీలు, అద్దాల బీరువా అన్నీ కలిపి "మొత్తం ఇంత" అని బేరం కుదురుతుంది. అరగంటలో ఇల్లు ఖాళీ.

ఆ అరగంట గురించే ఇవాళ మీతో మాట్లాడదామనుకుంటున్నాను.

మన ప్రాంతం ఒకప్పుడు ఊరికి శివారు. గడ్డిఅన్నారం, ఎల్బీ నగర్ విడి మునిసిపాలిటీలుగా ఉండి 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాదులో కలిశాయి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్‌కు మెట్రో రైలు వచ్చింది. విజయవాడ రోడ్డు ఇటే కాబట్టి నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. వాళ్ళు వస్తూ వస్తూ లారీలో తెచ్చుకున్న సామానే ఇప్పుడు ట్రాలీ ఎక్కుతున్నది. పందిరి మంచం, పడక కుర్చీ, పేముతో అల్లిన కుర్చీలు, భోషాణం, ఉయ్యాల బల్ల. వీటిలో నిజంగా పనికిరానివి కొన్నే. మిగిలినవి మురికిపట్టి, పాలిష్ పోయి, కీళ్ళు వదులై అలా కనిపిస్తాయి, అంతే.

అయితే అన్నీ దాచుకోండి అని నేను చెప్పబోవడం లేదు. రెండు పడకగదుల ఇంట్లో పందిరి మంచం ఎక్కడ పెడతాం? ఏది ఉంచుకోవాలి, ఏది ఇచ్చెయ్యాలి అనేది తెలిసి నిర్ణయించుకోవాలి. తెలియకుండా అమ్ముకోకూడదు, తెలియకుండా గీకీ పాడుచేసుకోకూడదు. చెప్పదలచుకున్నది ఇంతే.

ముందుగా ఒక ప్రశ్న. ఆ వస్తువు ఎవరిది?

నాకు తెలిసిన ఒకావిడ కూతురి పురిటికని వెళ్ళి రెండు నెలలు అక్కడే ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి ఇల్లు సర్దేసి ఉంది. తన పెళ్ళికి పుట్టింటివారు సారెలో పెట్టిన టేకు బీరువా లేదు. "పాతదేగా, చోటు కలిసివస్తుందని ఇచ్చేశాం" అన్నారట. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అడగాలని ఎవరికీ తోచలేదు, అంతే. సారెగా వచ్చిన మంచమూ బీరువా స్త్రీధనమే. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీం కోర్టు, స్త్రీధనం భార్య సొంత ఆస్తి అనీ, అత్తింట్లో ఉన్నంతమాత్రాన అది ఉమ్మడిది అయిపోదనీ స్పష్టంగా చెప్పింది. ఇంట్లో తగువు పెట్టుకోమని కాదు నా ఉద్దేశం. అమ్మకం మాట వచ్చినప్పుడు "ఇది మా అమ్మావాళ్ళు పెట్టింది, నేను చూసి చెబుతాను" అని ముందే ఒక మాట అనండి. ఆ మాట అనే హక్కు మీకుంది.

సరే, చూసి చెబుతానన్నారు. ఏమి చూడాలి? మూడు సంగతులు చూడాలి: ఏ చెక్క, ఏ పూత, ఏ జబ్బు.

చెక్కను పైనుంచి చూస్తే తెలియదు, పాలిష్ కప్పేస్తుంది. సొరుగు బయటికి లాగి దాని అడుగు చూడండి. బీరువా వెనక్కి, కుర్చీ కిందికి తొంగిచూడండి. టేకు అయితే బంగారపు ఛాయ గోధుమరంగులో నిలువు చారలు ఉంటాయి. చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది. అందులో సహజంగా ఉండే నూనెవల్లే చెదపురుగు టేకు చేవ జోలికి అంత త్వరగా రాదు. ముదురు ఊదా గోధుమరంగులో నల్లటి చారలుండి, ఎత్తబోతే చెయ్యి లాగేసేటంత బరువుంటే జిట్రేగి కావచ్చు, రోజ్‌వుడ్ అంటారే, అది. తేలికగా, చారలు లేకుండా ఉంటే మామిడి వంటి మెత్తచెక్క. ఇక అంచు చూడండి. పైన కనిపించే చార అంచుమీద కూడా సాగితే అది గట్టి చెక్క. అంచున పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. రొట్టెపొడిలా రాలుతుంటే పొట్టు అదిమి చేసిన బోర్డు. అది ఒకసారి నీళ్ళు తాగి ఉబ్బిందంటే మళ్ళీ మామూలుకు రాదు. దానిమీద డబ్బు పెట్టకండి, సంతోషంగా ఇచ్చెయ్యండి.

డెకోలం అంటించిన పాత బల్లలు కూడా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. డెకోలం అంచు లేచినచోట లోపలికి చూడండి. కింద మంచి టేకు పలక ఉన్నా ఆశ్చర్యం లేదు.

రెండోది, పూత. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. పాలిష్ వాళ్ళు వాడే స్పిరిట్‌లో దూది ముంచి, వస్తువు వెనకవైపు కనిపించనిచోట కాసేపు అద్దండి. పూత మెత్తబడి చేతికి అంటుకుని, దూదికి గోధుమరంగు వస్తే అది లక్క పాలిష్. ఏమీ కాకపోతే వార్నిషో, మెలమిన్ వంటి కొత్త పూతో అయి ఉంటుంది.

లక్క మన ఆడవాళ్ళకు కొత్తదేమీ కాదు. చిన్నప్పుడు ఆడుకున్న ఏటికొప్పాక లక్కపిడతల మెరుపు అదే. చార్మినారు పక్క లాడ్ బజారులో కొనే లక్కగాజులకు ఆధారమూ అదే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలమీద లక్కపురుగు పెట్టే జిగురును శుద్ధిచేసి రేకులుగా తీస్తారు. దాన్ని చపడా లక్క అంటారు. మన దేశానికి లక్క ఎంత ముఖ్యమైన పంటంటే, దాని పరిశోధనకోసమే 1924లో రాంచీలో ఒక సంస్థను పెట్టారు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. పాతబడ్డ లక్క పాలిష్‌ను పూర్తిగా గీకెయ్యకుండానే మళ్ళీ బతికించుకోవచ్చు అనడానికి కారణం అదే. కొత్త పూత పాతపూతను కాస్త కరిగించి దానిలో కలిసిపోతుంది.

మూడోది, జబ్బు. కీళ్ళు వదులయ్యాయా? చెదలా? పుచ్చా? నీళ్ళు తగిలాయా?

పాతకాలపు వడ్రంగులు ఒక చెక్క మొనను ఇంకో చెక్క బెజ్జంలో దిగగొట్టి, వజ్రంతో అంటించేవారు. సరేసు అని కూడా అంటారు, పశువుల తోలు ఉడికించి తీసిన బంక. గోరువెచ్చని నీటికి అది వదులుతుంది. కాబట్టి కీలు ఊడదీసి, శుభ్రంచేసి, మళ్ళీ బంకపెట్టి బిగించవచ్చు. ఎంత వదులైనా సరే మేకు మాత్రం కొట్టనివ్వకండి. మేకువల్ల చెక్క చీలుతుంది. పైగా ఇనుము తుప్పు టేకుకు తగిలితే నల్లమచ్చ పడుతుంది.

చెదలైతే చెక్కమీద, గోడమీద మట్టిగీతలు కనిపిస్తాయి. అవి నేలలోంచి వస్తాయి. బీరువా ఒక్కదానికి మందు కొడితే లాభం లేదు, ఇంటికే మందు వేయించాలి. పుచ్చు వేరు. గుండుసూది బెజ్జాలుపడి, కింద పిండిలా రాలుతుంది. పురుగు ఇంకా ఉన్నదా పోయిందా తెలియాలంటే పిండి తుడిచేసి, కింద నల్లకాగితం పరచి పదిహేను రోజులు చూడండి. మళ్ళీ పిండి రాలితే పురుగు ఉన్నట్టే. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే పుచ్చుమందును సిరంజితో ప్రతి బెజ్జంలోకి ఎక్కించి, మైనంతో మూయించండి. ఈ పని ఆరుబయట, చేతికి తొడుగులు వేసుకుని చెయ్యాలి. కిరసనాయిలు పోస్తే చాలు అనుకుంటారు చాలామంది, దానితో నమ్మకంగా పురుగు చావదు.

నీళ్ళ సంగతి మన వైపు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. ఎన్నో మంచాలు, బీరువాలు రోజులకొద్దీ నానాయి. అటువంటప్పుడు ఎండ కాయగానే అన్నీ డాబామీద పెట్టెయ్యాలనిపిస్తుంది. అలా చెయ్యకండి. పైపొర గబగబా ఎండి, లోపల తడి ఉండిపోతే చెక్క వంకరపోతుంది, చీలుతుంది. బురద కడిగి, నీడలో గాలి తగిలేచోట, కాళ్ళకింద ఇటుకలు పెట్టి నిదానంగా ఆరనివ్వాలి. ఉబ్బి బిగుసుకున్న సొరుగును లాగి విరగ్గొట్టకండి. వారాల తరబడి ఆరితే తానే వదులవుతుంది. గట్టిచెక్క సామాను చాలావరకు ఈ విధంగా దక్కుతుంది.

ఇప్పుడు మనం చేసుకోగల పని చూద్దాం. మొదటి సూత్రం: వీలయినంత తక్కువ చెయ్యండి. ఒక్కోసారి మురికి వదిలిస్తే చాలు, పాలిష్ అక్కరే ఉండదు. గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా సబ్బు కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి, వెంటనే పొడిగుడ్డతో ఆరతుడవండి. వంటింటి జిడ్డు, పూజగది పొగ అయితే టర్పెంటైన్ అద్దిన గుడ్డతో వదులుతుంది. ఇత్తడి పిడులు ఉంటే వాటిని ఊడదీసి చింతపండుతో తోమండి. చెక్కమీద ఉండగా తోమితే ఆ పులుపుకి చుట్టూ మచ్చ పడుతుంది. పేము అల్లిక తెగకుండా కుంగి మాత్రం ఉంటే, కుర్చీ తిరగేసి అడుగువైపు వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో బాగా తడిపి, నీడలో ఆరనివ్వండి. ఆరుతూ బిగుసుకుంటుంది.

శుభ్రం చేసినా వెలసినట్టే ఉంటే అప్పుడు లక్క పాలిష్. లీటరు స్పిరిట్‌కి సుమారు నూటయాభై నుంచి రెండువందల గ్రాముల చపడా లక్క చొప్పున, గాజుసీసాలో వేసి రాత్రంతా నాననివ్వండి. ఇనపడబ్బా వాడితే రంగు నల్లబడుతుంది. పొద్దున పల్చటి గుడ్డలో వడకట్టండి. నిరుడు కలిపిన సీసా మిగిలి ఉంటే వాడకండి, పాతబడ్డది సరిగ్గా ఆరదు. చెక్కను సన్నరకం ఉప్పుకాగితంతో, చారల వెంటనే, తేలికగా రుద్దండి. చారలకు అడ్డంగా రుద్దితే ఆ గీతలు పాలిష్ కింద ఎప్పటికీ కనిపిస్తాయి. పొడి తుడిచేసి, దూదిఉండను మెత్తని పాతపంచె ముక్కలో చుట్టి, పాలిష్‌లో అద్ది, ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా ఆగకుండా లాగండి. మధ్యలో చెయ్యి ఆపితే అక్కడ మరక నిలుస్తుంది. పూత పల్చగా ఉండాలి. ఒకటి ఆరాక ఇంకొకటి, అలా అయిదారు పూతలు వెయ్యండి. రెండు పూతలకొకసారి సన్న ఉప్పుకాగితంతో మెల్లగా నిమరండి. దట్టంగా ఒక్కపూత వేస్తే సరిపోతుందనుకుంటే అది ముడతలు పడుతుంది.

ఈ పనికి కాలం కూడా చూసుకోవాలి. శ్రావణ భాద్రపదాల్లో గాలిలో తేమవల్ల లక్క తెల్లగా పాలుపోసినట్టు అవుతుంది. మన హైదరాబాదుకు సంక్రాంతి వెళ్ళాక ఉగాది లోపల అనువైన కాలం.

లక్క పాలిష్‌కు ఉన్న లోపమూ చెప్పాలి. వేడిగిన్నె పెడితే తెల్లమచ్చ పడుతుంది. సారాగుణమున్న ఏది ఒలికినా కరుగుతుంది. 2020 తర్వాత బల్లమీద శానిటైజరు సీసా పెట్టుకున్న ఇళ్ళలో ఈ మరకలు చూసే ఉంటారు. తెల్లమచ్చ లోతుగా లేకపోతే, కొబ్బరినూనెలో కాస్త పళ్ళపొడి కలిపి మెత్తని గుడ్డతో నెమ్మదిగా రుద్దితే తగ్గుతుంది. భోజనాల బల్లకు మాత్రం లక్క వద్దు, పాలిష్ మేస్త్రీ చేత వేడికీ నీళ్ళకీ ఆగే పూత వేయించుకోండి. అది ఆరేదాకా ఘాటు వాసన ఉంటుంది. కిటికీలు తెరచిపెట్టి, ఉబ్బసం ఉన్నవాళ్ళనూ చంటిపిల్లలనూ ఆ గదికి దూరంగా ఉంచండి.

ఇక జాగ్రత్తలు. లక్క ఇల్లు కథ మనందరికీ తెలిసిందే. లక్క, స్పిరిట్, టర్పెంటైన్ అన్నీ అంటుకునే సరుకులే. పొయ్యి, దీపం, అగరువత్తి దగ్గర ఈ పని పెట్టుకోకండి. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. అవిసెనూనె పూసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే, లోపల వేడి పుట్టి వాటంతటవే అంటుకోగలవు. వాటిని విప్పి ఆరుబయట ఆరవెయ్యండి, లేదా నీళ్ళలో ముంచి పారెయ్యండి.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త రంగు వేసిన సామాను గురించి. ఇంట్లో మనవడు పుట్టాడనగానే అటకమీది పాత ఉయ్యాల దింపుతాం. రంగు పెచ్చులూడుతుంటే ఉప్పుకాగితం పట్టి గీకుతాం. ఆగండి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం విరివిగా కలిపేవారు. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదని 2016లో మన దేశంలో నియమం చేశారు, 2017 నవంబరు 1 నుంచి అది అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో ఎంత సీసం ఉందో కంటితో చూసి చెప్పలేం. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత అయితే ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కడుపుతో ఉన్న ఆడపిల్లకూ అది ప్రమాదమే. మన ఇళ్ళలో ఉయ్యాల బాగుచేసేది సరిగ్గా ఆ రోజుల్లోనే కదా!

అందుకని, పాత రంగును పొడిగా గీకకూడదు, మంటతో కాల్చకూడదు. పిల్లలూ గర్భిణులూ ఇంట్లో లేనప్పుడు, బయట ప్లాస్టిక్ పట్టా పరచి, ముక్కుకు మంచి మాస్కు పెట్టుకుని, తడిలో వాడే ఉప్పుకాగితంతో తడుపుతూ రుద్దించాలి. రాలినదాన్ని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డతో సహా పారెయ్యాలి. రంగు పూర్తిగా పోయి కొత్త పూత ఆరేవరకు బిడ్డను అందులో పడుకోబెట్టకండి. అంత శ్రమ పడలేమనుకుంటే ఉయ్యాలను జ్ఞాపకంగా ఉంచుకుని, బిడ్డకు చీర ఉయ్యాల కట్టండి. అందులో తప్పులేదు.

పెద్ద వస్తువైతే మేస్త్రీని పిలుస్తాం. పిలిచినప్పుడు నాలుగు మాటలు ముందే తేల్చుకోండి. కూలి చదరపు అడుగుకా, వస్తువుకా? సరుకు ఎవరిది? ఏ పాలిష్ వేస్తాడు? గీకడానికి యంత్రం వాడతాడా? యంత్రం పట్టిస్తే చెక్కడపు పూలు అరిగిపోతాయి, అలాంటిచోట చేతితోనే చెయ్యమనండి. సొరుగు వెనకో బల్ల అడుగునో జానెడు మేర నమూనా వేయించి, మర్నాడు పగటి వెలుతురులో చూసి, తర్వాతే సరే అనండి. మీ వస్తువు ఏ చెక్కో మీకు తెలుసని అతనికి తెలిస్తే సగం పని అయినట్టే.

అపార్టుమెంటులోకి మారేవాళ్ళు పందిరి మంచం లిఫ్టులో పట్టదని దిగులుపడకండి. పాత మంచాలు చాలావరకు బోల్టులు విప్పితే విడి భాగాలవుతాయి. విప్పేముందు ప్రతి అతుకుకీ రెండువైపులా ఒకే అంకె సుద్దతో వేయించండి. పందిరి తీసేసి మంచం ఒక్కటే వాడుకోవచ్చు. భోషాణంమీద పరుపు వేస్తే కూర్చునేందుకు దివాను, లోపల రజాయిలకు చోటు.

మంచి చెక్కపని ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలనిపిస్తే మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వెళ్ళి, అక్కడినుంచి ఆటోలో సాలార్ జంగ్ మ్యూజియానికి వెళ్ళిరండి. 1951లో దివాన్ దేవిడీలో మొదలై, 1968లో ఇప్పుడున్న భవనంలోకి మారిన మ్యూజియం అది. అక్కడి కుర్చీల కాళ్ళు, బల్లల అతుకులు నిదానంగా చూసి వస్తే, ఇంట్లో మూలపడ్డ కుర్చీని కూడా ఇంకో కంటితో చూస్తారు.

రేపు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక పని చెయ్యండి. టార్చిలైటు పట్టుకుని ఇంట్లో ఉన్న చెక్కసామాను ఒక్కొక్కటే చూసి, కాగితంమీద రాయండి: ఏమిటది, ఏ చెక్క, ఏ పూత, ఏ జబ్బు, ఎవరు పెట్టారు. పక్కన "ఉంచాలి", "బాగుచెయ్యాలి", "ఇచ్చెయ్యాలి" అని ఒక మాట రాసి, ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ట్రాలీ ఆటో వచ్చిననాడు ఆ కాగితం మీ చేతిలో ఉండాలి.